రానివాళ్ళ జాబితా

కళ్ళజోళ్ళ షాపు శ్రీవారికి,

మీ ఇంటావిడ నమస్కారాలతో రాస్తున్నది. నేనిక్కడ క్షేమం. మీరు, అత్తయ్య, మన పిడుగు అక్కడ క్షేమమని మీ ఉత్తరంలోనే ఉంది కాబట్టి విడిగా తలచడం లేదు, నమ్మేస్తున్నాను. అత్తయ్య మోకాలి సంగతి మాత్రం మీరు ఒక్క ముక్క రాయలేదు. రాయలేదంటే నొప్పి తగ్గలేదనే అర్థం. మెట్లెక్కి డాబా మీద బట్టలు ఆరేయొద్దని చెప్పండి. నేను చెప్పమన్నానని మాత్రం అనకండి, అంటే పంతానికి రోజుకి రెండుసార్లు ఎక్కుతారు.

ఫోన్లుండగా ఈ ఉత్తరాలేంటక్కా అని నాతోపాటు ఇంటర్న్‌షిప్‌కి వచ్చిన సూటు బాబు రోజూ నవ్వుతున్నాడు. ఫోన్లో మా ఇద్దరికీ గ్యాసు బండ, స్కూలు బస్సు తప్ప వేరే మాటలు రావయ్యా, కాగితం కనిపిస్తేనే మా ఆయనకి నోరు పెగులుతుంది అని చెప్పాను. నిజమే కదా. ఎదురుగా ఉంటే రోజుకి పది మాటలు మాట్లాడని మనిషి ఆరు పేజీలు రాశారు. అందులో నాలుగు పేజీలు అద్దాలు అరగదీసే కొత్త మిషను గురించే అనుకోండి, అయినా ఒక్క లైను వదలకుండా చదివాను. సూటు బాబు ఇంత ఎండలోనూ కోటు తీయడం లేదా అని అడిగారు. తీయడం లేదు. ఇంటర్న్‌షిప్‌కి వచ్చినవాళ్ళు కోటు వేసుకోవాలని కాలేజీలో ఎవరో చెప్పారట, చెప్పినవాళ్ళు వచ్చి వద్దనేదాకా వేసుకునేలా ఉన్నాడు.

మిగతా ప్రశ్నలకి కూడా వరసగా జవాబులు చెప్తాను. హాస్టల్ గదిలో ఫ్యాను బాగుచేశారు. ఇప్పుడు తిరుగుతోంది, కాకపోతే అది తిరుగుతున్నట్టు వీధి చివరిదాకా తెలుస్తోంది. మెస్ భోజనం గురించి అడిగారు. కడుపు నిండుతోంది, అంతకుమించి దాని గురించి చెప్పుకోవడానికేమీ లేదు. మీరు చేసిచ్చిన కళ్ళజోడు పెట్టుకుంటున్నానా అన్నారు. స్నానానికి తప్ప తీయడం లేదు. ఎడమవైపు స్క్రూ వదులైంది. ఈ వీధిలోనే మూడు కళ్ళజోళ్ళ షాపులున్నాయి, అయినా ఎవరి దగ్గరికీ వెళ్ళలేదు. అది ముక్కు మీదికి జారినప్పుడల్లా మీరు గుర్తొస్తున్నారు, అలాగే ఉండనిచ్చాను.

పిడుగుకి ముందు పన్ను ఊడిందని, దాన్ని మీ లెన్సు డబ్బాలో దాచుకుందని రాశారు. ఏ రోజు ఊడిందో తేదీ కూడా రాశారు కాబట్టి గుర్తు తెచ్చుకున్నాను. ఆ సాయంత్రమే నేను ఫోన్ చేశాను. స్కూలు ఎలా ఉందంటే బాగుంది అంది. అన్నం తిన్నావా అంటే తిన్నాను అంది. ఇంకేం కబుర్లు అంటే ఏం లేవు, నాన్నకిస్తున్నా అంది. ఆరేళ్ళ పిల్లకి మొదటి పన్ను ఊడటం కంటే పెద్ద కబురు ఏముంటుందండీ. అది నాతో చెప్పలేదు. నేను అప్పుడు గమనించనూ లేదు.

ఇక చివరి ప్రశ్న, మధ్యలో వచ్చిన మూడు రోజుల సెలవు నాకెందుకు ఇవ్వలేదని. దానికి జవాబు ఆఖర్న రాస్తాను. ఏ పుస్తకమైనా ముందు చివరి పేజీ తిప్పి చూసే మనిషి మీరు. ఈ ఒక్కసారికి ఆ పని చేయకండి.

ముందు నా పని సంగతి చెప్పనివ్వండి. చెప్తేగానీ ఆ జవాబు మీకు అర్థం కాదు, నాకూ ఇప్పుడిప్పుడే అర్థమైంది.

మా డయాలిసిస్ సెంటర్లో పదహారు కుర్చీలున్నాయి. తొమ్మిది వారాలకే మా సెంటర్ అంటున్నాను చూడండి. క్షవరం షాపు కుర్చీల్లాగా వెనక్కి వాలతాయి, ఒక్కోదాని పక్కన మనిషెత్తు మిషను. కిడ్నీలు పనిచేయనివాళ్ళు వారానికి మూడుసార్లు వచ్చి నాలుగేసి గంటలు కూర్చుంటారు. వాళ్ళ రక్తం గొట్టంలోంచి మిషన్లోకి వెళ్ళి, శుభ్రపడి, ఇంకో గొట్టంలోంచి వెనక్కి వస్తుంది. పొద్దున ఆరింటికి ఒక షిఫ్టు, పదకొండింటికి ఒకటి, సాయంత్రం నాలుగింటికి ఒకటి. ఏళ్ళ తరబడి వచ్చేవాళ్ళు కాబట్టి ఎవరి కుర్చీ వాళ్ళదే. దిండు గలీబులు కూడా ఇంటి నుంచి తెచ్చుకుంటారు.

వాళ్ళకి ఒంట్లో చేరిన నీరు బయటికి పోయే దారి లేదు. అందుకని గ్లాసులు లెక్కపెట్టుకుని తాగాలి. రాగానే తూకం చూస్తారు. క్రితంసారి వెళ్ళినప్పటికంటే ఎన్ని కేజీలు పెరిగితే అన్ని లీటర్ల నీళ్ళు మోసుకొచ్చారన్నమాట. హెడ్ సిస్టర్ తలుపు దగ్గరే తూకం మిషను పక్కన నిలబడి “ఎంత తెచ్చారు?” అని అడుగుతుంది. ఒకటిన్నర అంటే భుజం తడుతుంది. మూడు అంటే ఇక చూసుకోండి, ఆ చివరి కుర్చీవాళ్ళ దాకా వినబడేలా చీవాట్లు. “మీకు చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. ఇంటికెళ్ళి కుళాయి కింద కూర్చోండి, ఇక్కడికెందుకు వచ్చారు” అంటుంది. అంటూనే రెండు చేతులా పట్టుకుని కుర్చీలో కూర్చోబెడుతుంది. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని చేస్తోంది. ఆవిడంటే అందరికీ ప్రేమ, అంతకు రెండింతలు భయం.

మా ఇద్దరికీ అప్పగించిన పని ఏంటంటే, కుర్చీలు ఎందుకు ఖాళీగా ఉండిపోతున్నాయో కనిపెట్టడం. రోజూ ఐదారుగురు రావడం లేదు. రాకపోతే వాళ్ళ ప్రాణం మీదికే వస్తుంది. ఇంకోవైపు కుర్చీ కోసం పేరు రాయించుకుని ఎదురుచూసేవాళ్ళు ఇరవైమంది పైగా ఉన్నారు. మేనేజరు మేడమ్ మొదటిరోజే మా చేతిలో ఒక కట్ట పెట్టింది, ఆరు నెలల రానివాళ్ళ జాబితా.

పదేళ్ళు ల్యాబులో రక్తం తీసినదాన్ని, పేషెంట్లంటే నాకు తెలియనిదేముంది అనుకున్నాను. మేనేజరు ఉద్యోగానికి చదువు చాలదంటేనే కదా ముప్పై నాలుగేళ్ళకి బిజినెస్ కాలేజీలో చేరి, నాకంటే పదేళ్ళు చిన్నవాళ్ళ చేత అక్కా అనిపించుకుంటున్నాను. ఇక్కడ నా సత్తా చూపించాలని మహా ఉబలాటంగా ఉండేది. కూర్చుని ఒక ఫారం తయారుచేశాను. ఎందుకు రాలేదు అన్న ప్రశ్న, కింద ఏడు గడులు. బస్సు దొరకలేదు, జ్వరం, ఇంట్లో పని, తోడు వచ్చేవాళ్ళు లేరు, డబ్బు ఇబ్బంది, మర్చిపోయాను, ఇతర కారణాలు. ఆ చివరి గడి కింద రాసుకోవడానికి రెండు గీతలు కూడా గీశాను. నాలుగు వందల ఫోన్లు చేశాం. ఆ గీతల మీద ఒక్క అక్షరం పడలేదు. ఎక్కువమంది బస్సు దొరకలేదన్నారు. సూటు బాబు దానికి రంగురంగుల బొమ్మ గీసి, అక్కా, ఒక బస్సు కొనమని చెప్పేద్దామా అన్నాడు.

“ఫోన్ చేసి ఎందుకు రాలేదంటే నోటికొచ్చిన కారణం చెప్తారమ్మా” అంది హెడ్ సిస్టర్. నేను వినలేదు. నాకు ఫారం మీద నమ్మకం.

నా పోయిన ఉత్తరంలో గొప్పగా రాసుకున్నానే అరగంట రూలు, అది అప్పుడు పుట్టింది. విమానాల్లో సీట్లు, హోటళ్ళలో గదులు ఖాళీగా పోకూడదని మాకు క్లాసులో పాఠం ఉంది. దాన్ని తెచ్చి ఇక్కడ అంటించాం. అంతకుముందు ఎవరైనా రాకపోతే హెడ్ సిస్టర్ ఆ కుర్చీ మీద ఉతికిన దుప్పటి పరిచి, రెండు గంటలదాకా ఎవరినీ కూర్చోనిచ్చేది కాదు. ఆలస్యంగా వచ్చినా మిగిలిన రెండు గంటలైనా డయాలిసిస్ చేయించుకుని పోతారు కదా అని ఆవిడ వాదన. మేం ఆ దుప్పటిని దండగ అన్నాం. అరగంటలో రాకపోతే ఆ కుర్చీ వేరేవాళ్ళకి. మొదటి వారంలోనే ఖాళీలు ఐదారు నుంచి ఒకటికి దిగాయి. మేనేజరు మేడమ్ మా ఇద్దరికీ స్వయంగా టీ తెప్పించింది. మీరు భేష్ అని రాశారు. ఆ భేష్ వెనక్కి తీసుకోండి.

నాలుగో కుర్చీ ఒక దర్జీ గారిది. యాభై ఐదేళ్ళుంటాయి. నన్ను మొదటిసారి చూసినప్పుడే, జాకెట్టు కుడి భుజం అరంగుళం దిగింది తల్లీ, ఎవరు కుట్టారు అన్నారు. రెడీమేడ్ అంటే జాలిపడ్డారు. మాటకారి. ఆయన వచ్చే రోజుల్లో సాయంత్రం షిఫ్టు ఎంత త్వరగా అయిపోతుందో. కానీ నా జాబితాలో ఆయన పేరు తరచూ వచ్చేది. ఫోన్ చేస్తే ఒకసారి బస్సు దొరకలేదన్నారు, ఇంకోసారి జ్వరమన్నారు. మొదటి గడిలో ఒక టిక్కు, రెండో గడిలో ఒక టిక్కు.

రూలు పెట్టిన రెండో వారం, ఒక గురువారం. మంగళవారం కూడా రాని మనిషి ఆరోజు నాలుగింటికి రావాలి, నాలుగున్నరకీ రాలేదు. కుర్చీ ఇంకొకరికి ఇచ్చేశాం. ఐదుకి ఇరవై నిమిషాలుందనగా వచ్చారు. తలుపు దగ్గర ఆగి నాలుగో కుర్చీ వైపు చూశారు. హెడ్ సిస్టర్ ఆరోజు సెలవులో ఉంది. నేనే ఎదురెళ్ళి, అరగంట దాటింది కదండీ, రేపు పొద్దున ఆరింటికి మీకు చోటు రాసి ఉంచుతాను అన్నాను. “పర్లేదు తల్లీ, కుర్చీ ఎవరికో ఒకరికి పనికొచ్చింది కదా” అని నవ్వి వెనక్కి తిరిగారు. చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్నారు. పాదాలు వాచిపోయి చెప్పుల్లో పట్టడం లేదు. అది నేను చూశానండీ. పదేళ్ళు ఆసుపత్రిలో పనిచేసినదాన్ని, ఆ వాపుకి అర్థమేంటో నాకు తెలుసు. ఆపలేదు. రూలు నాది కదా, నేనే తప్పితే ఎలా అనుకున్నాను.

శుక్రవారం రాలేదు. శనివారం పొద్దునకి మార్చి రాసినా రాలేదు. రెండు రోజులూ ఆయన పేరు పక్కన రాలేదని నేనే రాశాను. శనివారం డ్యూటీకి వచ్చిన హెడ్ సిస్టర్ జాబితా చూసి, నన్ను అడిగి, జరిగింది వింది. “పద” అంది. మూడు వీధులవతల ఆయన షాపు. ఒకటే గది, ముందు కుట్టుమిషను, వెనక మంచం. ఆయన మంచం మీద లేరు. పడుకుంటే ఊపిరి ఆడటం లేదని మిషను మీద తల ఆనించి కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూసి లేవబోయారు. ఆ గదిలో అంబులెన్సు వచ్చేదాకా ఉన్న పావుగంటలో నేను అనుకున్నవి ఈ ఉత్తరంలో రాయలేను, ఇంటికి వచ్చాక చెప్తాను.

బతికారు. ఆ మధ్యాహ్నమే పెద్దాసుపత్రిలో డయాలిసిస్ చేశారు. నాలుగో రోజు వార్డుకి వెళ్ళి చూశాం. ఈసారి నా చేతిలో ఫారం లేదు. మంచం పక్కన కూర్చుని, ఎందుకు రాలేదండీ అని అడిగాను.

“మొన్నటి ఎండకి నాలుక పిడచకట్టుకుపోయింది తల్లీ. తాగేశాను. తాగాను కదా అని మంగళవారం రాలేదు. రాకపోయేసరికి ఇంకా నీరు చేరింది. మూడు కేజీలు తెస్తేనే సిస్టరమ్మ హాలంతా వినబడేలా తిడుతుంది. ఐదు తెచ్చినవాడు ఏ మొహం పెట్టుకుని వస్తాడు చెప్పు” అన్నారు. కాసేపు ఆయాసం తీర్చుకున్నారు. “ఊళ్ళో అందరి కొలతలూ తీసేవాణ్ణి, ఆ తూకం ఎక్కాలంటే నాకు కాళ్ళు రావు. ఆ గురువారం గట్టిగా అనుకుని బయల్దేరాను. గేటు దాకా వచ్చి రెండుసార్లు వెనక్కి పోయాను. మూడోసారి లోపలికొచ్చాను. వస్తే కుర్చీలో ఇంకొకరున్నారు.”

“అందుకు మీకు కోపం రాలేదా?” అన్నాను.

“కోపమా? నిజం చెప్పనా, హమ్మయ్య అనిపించింది. ఆ పూటకి తిట్లు తప్పాయి కదా.”

హెడ్ సిస్టర్ నా వెనకే నిలబడి అంతా వింది. ఆసుపత్రి మెట్ల మీదికి వచ్చాక కూర్చుండిపోయింది. “నేను అరిచేది భయమేసి అమ్మా, వీళ్ళెక్కడ పోతారోనని. అరిస్తే నీళ్ళు తగ్గిస్తారనుకున్నాను. రావడమే మానేస్తారని నా బుర్రకి తట్టలేదు” అంది. ఆవిడ దుప్పటిని దండగన్నదాన్ని నేను. ఆవిడ పక్కనే నేనూ మెట్టు మీద కూర్చున్నాను.

మొన్న శుక్రవారం పై ఆఫీసువాళ్ళ ముందు మా ప్రెజెంటేషన్ అయింది. అరగంట రూలు తీసేయమని, రానివాళ్ళ కుర్చీని మునుపటిలాగే రెండు గంటలు ఉంచమని, తూకం మిషను తలుపు దగ్గర్నుంచి తీసి తెర వెనక పెట్టమని, అంకె బయటికి చదవొద్దని చెప్పాం. మేం పెట్టిన రూలే మేం తీసేయమంటే వాళ్ళకి అయోమయం. ఒకాయన కళ్ళజోడు పైకి తోసుకుని, కుర్చీలు ఖాళీగా ఉంచితే రోగుల రాక పెరగడమేంటమ్మా, అసలు సిగ్గుని మీరు ఎలా కొలిచారు అని అడిగారు. నేను చేతిలో కాగితాలు తిరగేశాను. సూటు బాబు కోటు గుండీలు చూసుకుంటున్నాడు. వెనక వరసలోంచి హెడ్ సిస్టర్ లేచింది. “తలుపు దగ్గర్నుంచి తూకం మిషను దాకా ఆరడుగులు సార్. కొందరు ఆ ఆరడుగులూ నడవడానికి ఐదు నిమిషాలు తీసుకుంటారు. నాకిన్నాళ్ళూ చూడటం రాలేదు” అంది. ఒక నెల చేసి చూడమన్నారు. మొన్న దర్జీ గారు తిరిగి వచ్చినప్పుడు ఆవిడ ఏమీ అడగలేదు. రండి అని చెయ్యి పట్టుకుంది, అంతే. ఆయనకే తోచక, రెండు తెచ్చానమ్మా అని చెప్పేశారు.

ఇంతవరకూ వచ్చారు కాబట్టి ఇప్పుడు మీ ప్రశ్న.

సెలవు ఇవ్వలేదని రాశాను. అబద్ధం. ఇచ్చారు. టికెట్ కూడా కొన్నాను. మీరు షాపు మూసి బస్టాండుకి వస్తానన్న ఆ రోజు, నేను ఇక్కడ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఒళ్ళో సంచి పెట్టుకున్నాను. పక్కన కూర్చున్న ఆవిడ పిల్లలెంతమంది అంది. ఒక్కతే అన్నాను. ఎన్నేళ్ళు అంది. ఆరు అన్నాను. ఇంకా ఏదో అడగబోతుంటే నీళ్ళ సీసా కొనుక్కొస్తానని చెప్పి దిగాను. దిగి స్తంభం వెనక నిలబడ్డాను. కండక్టరు రెండుసార్లు కేకేశాడు. బస్సు కదిలింది. అది మలుపు తిరిగాక నాకు హమ్మయ్య అనిపించిందండీ. నా కూతురి దగ్గరికి వెళ్ళే బస్సు నన్ను వదిలి వెళ్ళిపోతే నాకు హమ్మయ్య అనిపించింది. ఈ మాట మీతో చెప్పడానికి నెల పట్టింది.

ఎటు పోవాలో తెలియక సెంటర్‌కే వెళ్ళాను. హెడ్ సిస్టర్ చూసి, ఊరికి వెళ్ళలేదా అంది. బస్సు దొరకలేదన్నాను. ఆ మూడు రోజులూ పాత ఫైళ్ళు సర్దాను. పని ఉందని మీకు రాసింది ఆ పనే, ఎవరూ చెప్పనిది, నేను వెతుక్కున్నది.

ఎందుకో చెప్తాను. ఇంటర్న్‌షిప్‌కి రాకముందు ఐదు రోజులు ఇంట్లో ఉన్నాను కదా. మూడో రోజు పొద్దున మీరు షాపుకి వెళ్ళిపోయారు. నేను తల దువ్వుకుందామని చూస్తే దువ్వెన కనిపించలేదు. వెతుకుతుంటే పిడుగు వచ్చి, నీ సంచిలో పెట్టేశానమ్మా అంది. సంచి వీధి తలుపు దగ్గర ఉంది. రెండు చేతులా ఈడ్చుకుంటూ తెచ్చిందట, చీరలు కూడా మడతపెట్టింది, తనకొచ్చినట్టు. ఇంకా రెండు రోజులు ఉంటాను కదే అన్నాను. అయితే అక్కడే ఉండనీ, మళ్ళీ సర్దుకోవడం నీకే కష్టం అంది. కోపంగా కాదు. అలిగీ కాదు. సాయం చేద్దామని. అత్తయ్య చూసి, పిల్లకి ఎంత పెద్దరికం వచ్చిందో అని మురిసిపోయారు. నేను నవ్వాను. తర్వాత స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

మొదటిసారి నేను కాలేజీకి బయల్దేరినప్పుడు అది నా కొంగు పట్టుకుని వదల్లేదు, మీరు వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది. అది చూడలేకే తర్వాతి రెండుసార్లూ అది నిద్రలో ఉండగా వెళ్ళిపోయాను. అలా వెళ్ళమని అత్తయ్య మంచికే చెప్పారు, వినడం నా తప్పు. లేచి చూస్తే నేను ఉండను. అందుకని అది ముందే నన్ను సాగనంపడం నేర్చుకుంది. నేను వెళ్ళిపోయే మనిషినని దానికి తెలిసిపోయింది. ఆ పిల్ల మళ్ళీ అంత ఓర్పుగా నా సంచి తలుపు దగ్గర పెడితే నేను చూడలేను. అందుకే రాలేదు. రాకపోయాక, ఏ మొహం పెట్టుకుని రావాలో తెలియలేదు. ఒకసారి రాకపోతే రెండోసారి రావడం ఇంకా కష్టమవుతుందని దర్జీ గారు చెబుతుంటే, ఆయన మంచం పక్కన కూర్చుని నేను తల దించుకున్నాను.

ఇంకొకటి కూడా ఉంది. ఇంటర్న్‌షిప్ అయ్యాక కాలేజీలో పని ఉండొచ్చని పోయిన ఉత్తరంలో ఒక ముక్క వేశాను. ఏ పనీ లేదు. పదకొండు రోజులు ఖాళీ. అప్పటికే ఇంకో అబద్ధానికి చోటు సిద్ధం చేసుకున్నాను.

మీరు మీ ఉత్తరంలో ఒక వాక్యం రాసి, వెంటనే మిషను కబుర్లలోకి దిగిపోయారు. పిడుగు ఆరోజు షాపు మెట్టు మీద ఆఖరి బస్సు వేళదాకా కూర్చుంది అని. అమ్మ ఏదీ అని అడిగిందో లేదో రాయలేదు. మీరు నన్ను తిట్టకూడదని అలా రాశారని నాకు తెలుసు. తిట్టినా బాగుండేది. అంత సేపు కూర్చుందంటే, ఇంకా ఎదురుచూస్తోందన్నమాట. ఆ ఒక్క వాక్యం పట్టుకుని వారం రోజులుగా తిరుగుతున్నాను. ఇక నావల్ల కాదండీ. దాని తల వాసన చూడాలి. అది పక్కలో కాళ్ళతో తన్నుతుంటే నిద్ర లేవాలి. మీ ఇద్దరూ భోజనాల దగ్గర ఒకే రకంగా చెయ్యి కడుక్కుంటారే, అది చూడాలి.

గురువారంతో ఇక్కడ పని అయిపోతుంది. శుక్రవారం పొద్దున బస్సు, మధ్యాహ్నం భోజనాల వేళకి దిగుతాను. సంచి తేవడం లేదు. బట్టలు, పుస్తకాలు అన్నీ సూటు బాబు సామానుతో కలిపి కాలేజీ హాస్టల్‌కి పంపించేస్తున్నాను. బీరువాలో నా పాత చీరలున్నాయి, ఇంట్లో ఉండటానికి అవి చాలు. పన్నెండో రోజు మళ్ళీ వెళ్ళాలి. ఆ సంగతి వచ్చిన రోజే దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేనే చెప్తాను, ఒళ్ళో కూర్చుంటే. వెళ్ళేది పట్టపగలు, అది చూస్తుండగా వెళ్తాను. ఏడ్చి కొంగు పట్టుకుంటే పట్టుకోనివ్వండి. ఈసారి మీరు వేళ్ళు విడదీయొద్దు, అదే వదిలేదాకా నేను కదలను. ఆ బస్సు పోతే ఇంకో బస్సు ఉంటుంది.

మీరు చేయాల్సింది ఒక్కటే. అమ్మ వస్తోందని దానికి చెప్పకండి. అత్తయ్యకి కూడా చెప్పకండి, ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. నా మాట నమ్మి ఆ పిల్ల ఇంకోసారి మెట్టు మీద కూర్చోకూడదు. నన్నే చూడనీ. చూసి దగ్గరికి రాకపోతే, వెళ్ళమ్మా, అమ్మ వచ్చింది కదా అని తోయకండి. తలుపు చాటు నుంచి చూస్తే చూడనీ. మూడో రోజుకి వస్తుందో, పదో రోజుకి వస్తుందో, ఎప్పుడైనా రానీ. నేను ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
పిడుగు వాళ్ళమ్మ